రెడ్ డీర్ ముసలాయన

మా అల్లుడికి ఉద్యోగం పోయిన ఏడాది, కెనడాలో, కాల్గరీలోని మా అమ్మాయివాళ్ల ఇంటి ముందుకి ఒక కారు శవం వచ్చింది. శవం అని ఊరికే అనడం లేదు. ట్రెయిలర్ మీద తాళ్లతో కట్టి తెచ్చారు. టైర్లు లేవు, డిక్కీ నిండా ఎలుకల గూళ్లు, తలుపు తీసి కిందికి చూస్తే ఫ్లోరు ఉండాల్సిన చోట మంచు కనబడుతోంది. పక్క రాష్ట్రం సస్కాచెవాన్‌లో ఎవరో రైతు ధాన్యపు కొట్టంలో ఏళ్ల తరబడి పడి ఉందట. రెండే తలుపులు, పొడవాటి బానెట్, దాని కింద లారీని లాగగలిగేటంత ఇంజిను. వీటిని ఇక్కడ మజిల్ కార్లంటారు. కుర్రతనంలో కొనలేకపోయిన బండిని రిటైరయ్యాక ఎంతైనా పోసి కొనుక్కునే పెద్దమనుషులు ఈ దేశంలో చాలామంది ఉన్నారు.

"రెస్టోర్ చేసి అమ్మితే రీసేల్ వేల్యూ మామూలుగా ఉండదు మామయ్యగారూ. వీడియోలన్నీ చూశా, ఈజీనే" అన్నాడు అల్లుడు. ఎదురుగా ఉన్నప్పుడు ఆయన్ని "మీరు" అనే అంటాను. రాసేటప్పుడు నా ఇష్టం.

ఆయన చూసినవి వీడియోలు. నేను చూసినవి బండ్లు. ఐదో తరగతితో నా బడి అయిపోయింది. తర్వాత చదువంతా తాడేపల్లిగూడెంలో లారీల షెడ్డులోనే. తెలుగు పాత పేపర్లలో నేర్చుకున్నాను, ఇంగ్లీషు స్పేర్ పార్టుల డబ్బాల మీద నేర్చుకున్నాను. రేకు పని మాత్రం మా మేస్త్రీ చేతి దెబ్బలతో వచ్చింది.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. తయారైన బండిని తీసుకెళ్లడానికి ఓనరు వస్తే, తాళం పుచ్చుకునే ముందు "ఎవరు చేశారయ్యా?" అని అడిగేవాడు. చేసినవాడు చేతులు తుడుచుకుని ముందుకొచ్చి "నేనండీ" అనాలి. పని బాగుంటే కొత్త లుంగీ, బాగోకపోతే బూతులు. ఏదైనా ఆ మనిషికే, మధ్యలో ఇంకొకడికి కాదు. నేను చాలా లుంగీలు కట్టాను. బూతులూ తిన్నాను.

అందుకే మొదటి రోజే అల్లుడితో చెప్పాను. "నాకు వాటా ఏమీ వద్దండీ. కొనేవాడు వచ్చి ఎవరు చేశారని అడిగితే నన్ను చూపించండి. అంతే."

"అంతేనా! చూపించడమేంటి మామయ్యగారూ, బానెట్ మీద కూర్చోబెట్టి దండ వేస్తా."

రెండు చలికాలాలు పట్టింది. గరాజులో చిన్న హీటరు, చెవులకి ఉన్ని టోపీ. కుళ్లిన రేకంతా కోసి పారేసి, కొత్త రేకుని ఇసుక సంచి మీద పెట్టి కొయ్య సుత్తితో కొట్టి వంపులు తెచ్చాను. మడ్‌గార్డు వంపు ఒక పట్టాన రాదు. కొట్టాలి, చేత్తో తడమాలి, మళ్లీ కొట్టాలి. అల్లుడికి అంత ఓపిక లేదు.

"లప్పం పెట్టి నున్నగా తోమేద్దాం. పెయింట్ వేశాక ఎవడికి తెలుస్తుంది?"

"లప్పం కింద తుప్పుకి తెలుస్తుందండీ" అన్నాను.

ఆయన లైటు పట్టుకునేవాడు, ఫొటోలు తీసేవాడు. ఆ ఫొటోల్లో నా చేతులు పడ్డాయి, సుత్తి పడింది, మొహం ఒక్కదానిలోనూ పడలేదు. అప్పుడు నాకు తట్టలేదు. ఇంజిను మొదటిసారి స్టార్టయిన రోజున మా అమ్మాయి కుంకుమ తెచ్చి స్టీరింగుకి బొట్టు పెడితే, ఆయన వెంటనే తడిగుడ్డతో తుడిచేశాడు. బయ్యర్స్‌కి అలాంటివి నచ్చవట. అప్పుడూ తట్టలేదు.

అమ్మకానికి పెట్టినప్పుడు ప్రకటన నేనే చదువుకున్నాను. "ఒక రిటైర్డ్ మాస్టర్ మెకానిక్ రెండు చలికాలాల శ్రమ" అని రాశాడు. మాస్టర్ మెకానిక్! ఆ రాత్రి నాలో నేనే నవ్వుకున్నాను. గూడెంలో మా మేస్త్రీ బతికుంటే ఆ మాట చదివి వినిపించేవాణ్ణి.

మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పు వానలకి కడుక్కుపోయాక, ఎండాకాలం మొదట్లో కొనేవాడు వచ్చాడు. నా వయసే ఉంటుంది, పొడుగాటి మనిషి. కారు ఎంత మెరుస్తున్నా మెచ్చుకోలేదు. జేబులోంచి ఫ్రిజ్ మీద కాగితాలు నిలబెట్టే అయస్కాంతం తీసి, రంగు గీసుకుపోకుండా రుమాలు చుట్టి, తలుపు అంచున పెట్టాడు. రేకైతే అతుక్కుంటుంది, లప్పమైతే జారిపోతుంది. తలుపు అయ్యింది. మడ్‌గార్డులయ్యాయి. చక్రాల మీది వంపులయ్యాయి. ఎక్కడ పెట్టినా టక్కున పట్టుకుంది. మోకాళ్ల మీద వంగి, టార్చి వేసి, కింద ఫ్లోరంతా చూశాడు. లేచి, ఇంగ్లీషులో అడిగాడు.

"ఈ రేకు పని ఎవరిది?"

అదే ప్రశ్న. గూడెంలో లుంగీ కట్టుకున్న ఓనరు అడిగినదే, ఇక్కడ టోపీ పెట్టుకున్న ఓనరు అడిగాడు. నా చేతులకి ఏమీ లేకపోయినా ప్యాంటుకి తుడుచుకుని ఒక అడుగు ముందుకేశాను.

"రెడ్ డీర్‌లో ఒక పెద్దాయన ఉన్నారు" అన్నాడు అల్లుడు. రెడ్ డీర్ మాకు గంటన్నర దారిలో ఉన్న ఊరు. "తాత కాలం నుంచి వాళ్లది ఇదే పని. ఎవరికి పడితే వాళ్లకి చెయ్యరు. మాకు తెలిసినవాళ్ల ద్వారా ఒప్పించాం."

కొనేవాడు నా వైపు చూసి "మరి ఈయన?" అన్నాడు.

"మా మామగారు. ఇండియా నుంచి. కార్లంటే సరదా, చూస్తూ కూర్చుంటారు."

టీ కప్పులతో వచ్చిన మా అమ్మాయి గుమ్మంలో ఆగిపోయింది. నన్ను చూసి, ట్రేలోకి చూసుకుంది.

నువ్వెందుకు నోరు విప్పలేదయ్యా అని మీరు అడగొచ్చు. పీటల మీద కాళ్లు కడిగి పిల్లనిచ్చినవాడు, పరాయివాడి ముందు అల్లుణ్ణి అబద్ధాలకోరు అనగలడా? ఆ కాళ్లు కడిగిన చేతులే ఆ ఫ్లోరు అతికించాయి. ఈ మర్యాద మనవాళ్లు ఎందుకు పెట్టారో గానీ, ఎప్పుడూ ఒకవైపే నడుస్తుంది. నా కొడుకు వరస కుర్రాడైతే అక్కడే చెంప పగలగొట్టేవాణ్ణి.

కారు వెళ్లిపోయింది. సాయంత్రం ఆయనే సంజాయిషీ మొదలుపెట్టాడు.

"ఫీలవ్వకండి మామయ్యగారూ. ఇంటి గరాజులో మా మామగారు చేశారంటే సగానికి సగం తగ్గించేస్తాడు. ఇక్కడ కారుతో పాటు స్టోరీ కూడా కొంటారు."

"మార్కెటింగ్ నాన్నా, అంతే" అంది అమ్మాయి.

"మరి నా స్టోరీకి రేటెంతే?" అన్నాను.

కొన్ని వారాలు పోయాక కొన్నాయన ఫోన్ చేశాడు. తన షెడ్డులో ఇంకా రెండు పాత కార్లున్నాయట, తుప్పు పట్టినవి. ఆ రెడ్ డీర్ పెద్దాయనకి తప్ప ఇంకెవరికీ ఇవ్వడట. అల్లుడు గరాజులోకి వచ్చి నాకు కుర్చీ లాగి వేశాడు. ఆ ఇంట్లో ఆయన నాకు కుర్చీ వెయ్యడం అదే మొదలు.

"రెండు బండ్లు మామయ్యగారూ! ఇక్కడికే తెప్పిస్తా."

నా చేతులు అటే లాగాయి. అబద్ధం ఎందుకు? కారు వెళ్లిపోయాక ఆ గరాజులో ఊరికే కూర్చోలేక చస్తున్నాను. ఆ రెండు బండ్లూ కావాలని నా వేళ్లకి తెలుసు.

"ఒక్క ముక్క చెప్పండి ఆయనకి. చేసింది మా మామగారని. రేపే సుత్తి తీస్తాను."

"ఇప్పుడు చెబితే మోసం అనుకుంటాడు."

"మోసమే కదండీ."

"అబ్బా, అర్థం చేసుకోండి. పేరుదేముంది, పని మీదేగా!"

"అయితే రెడ్ డీర్ వెళ్లి ఆయన్నే బతిమాలుకోండి" అన్నాను. వాళ్ల పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయనకి నేను పని చెయ్యనని చెప్పడం కూడా అదే మొదలు.

ఆ వారాంతంలో భోజనాల దగ్గర ఆయన ఫోన్ మోగింది. ఆయన చేతికి పప్పు ఉంది. "ఏంటో చూడు" అంటే మా అమ్మాయి తీసి, "కారు కొన్నాయన మెసేజ్" అంటూ పైకి చదవడం మొదలుపెట్టింది. "పెద్దాయన పోయారని తెలిసి చాలా బాధపడ్డాను. అలాంటి చేతులు..." అని ఆగిపోయింది.

"పూర్తిగా చదువమ్మా" అన్నాను.

చదివింది. అలాంటి చేతులు ఇక దొరకవట. ఆ కారుని తను బతికున్నంతకాలం ఎవరికీ అమ్మడట. ఆయన కుటుంబానికి నా సానుభూతి చెప్పండి అని ఉంది.

అల్లుడు కంచంలోంచి తల ఎత్తలేదు.

"ఎలా పోయాడు?" అని అడిగాను.

"హార్ట్ ఎటాక్ అని చెప్పా."

"నిద్రలోనా?"

"ఊఁ."

"మంచి చావే" అన్నాను. బానెట్ మీద కూర్చోబెట్టి దండ వేస్తానన్నవాడు, దండ దాకా వచ్చాడన్నమాట. మజ్జిగ పోసుకున్నాను. కలుపుకుంటూ అన్నాను.

"జవాబు ఇవ్వకపోతే బాగోదండీ అల్లుడుగారూ. కుటుంబం తరఫున థాంక్స్ అని పెట్టండి."

అమ్మాయి "నాన్నా..." అంది. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, ఫోన్ తీసుకుని, నా ఎదురుగానే కూర్చుని టైపు చేశాడు.