సంచాయన గులకరాళ్లు

దుమ్ము కూడా అనుమతి అడిగి వాలుతుందా అన్నట్టుండే ఆ గోల్ఫ్ క్లబ్బులో ముప్పై ఏళ్లుగా ఆటగాళ్ల కర్రల సంచులు మోస్తున్నాడు సంచాయన. కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్లు కిందికి దిగిపోయింది. ఆటగాడు దెబ్బ కొట్టినప్పుడల్లా ఎడమ జేబులోంచి ఒక గులకరాయి తీసి కుడి జేబులో వేసుకుంటాడు. దెబ్బలు ఎంత తగ్గితే అంత గొప్ప గనుక పెద్దమనుషులు చెప్పే లెక్క రాళ్లకన్నా ఎప్పుడూ తక్కువే. సంచాయన ఆ రాళ్లు బయటికి తీయడు. బంతి పొదల్లో పడితే మాత్రం పనిగట్టుకుని వంగి, బిగుతుగా ఉన్న బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకుంటాడు. అక్కడ ఎవరి కాలు బంతిని ఎటు నెట్టిందో చూడకపోవడం ఆయన మర్యాద.

ఈ ఉదయం ఆటకొచ్చిన డాక్టరుగారి బంతి పొదలో పడింది. లేసు కట్టుకుంటూనే సంచాయన ఠప్పుమన్న చప్పుడు విని ఒక రాయి మార్చాడు. చివరికి బంతి గుంటలో పడ్డాక డాక్టరుగారు, "ఎనిమిది" అన్నారు. కుడి జేబులో ఏడు రాళ్లే ఉన్నాయి. రాళ్లు తక్కువపడటం ఇదే మొదలు.

"ఏడేనేమోనండీ," అని నోరు జారాడు సంచాయన.

"పొదలో ఒక దెబ్బ గాలికే తగిలిందయ్యా. అదీ లెక్కే. నువ్వు లేసు కట్టుకుంటున్నావుగా, నీకెలా కనబడుతుంది?"

సంచాయన ఇంకో రాయి కుడి జేబులో వేసుకున్నాడు. కాసేపటికి బంతి మళ్లీ పొదల్లోకే దూరింది. ఈసారి ఆయన వంగలేదు. సంచి దించి, డాక్టరుగారి వెనకే వెతకడానికి వెళ్లాడు.