సైదులన్న మూత

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ ఒళ్ళుమంట. నమ్మడం మాట అటుంచి, వినే ఓపిక కూడా లేదు. నాకు జరిగిన ఈ సంగతిలోనూ భయం కన్నా రోతే ఎక్కువ కలిగింది.

మాది ఖమ్మంలో చిన్న ఆఫీసు. విత్తనాల గురించి రైతులు ఫోన్ చేసి అడిగితే జవాబు చెప్పడం మా పని. కరోనా రోజుల్లో అందరం ఇళ్ళ నుంచే చేశాం. మళ్ళీ ఆఫీసు తెరిచినప్పుడు, తిరిగొచ్చినవాళ్ళను కుదురుకునేలా చూసే బాధ్యత మేనేజర్‌నని నా మీద పడింది.

మా ఓనరు బెలూన్లు కట్టించి కేకు కోయించాడు. కేకు ఇంకా నోట్లో ఉండగానే కొత్త రూలు చెప్పాడు. ఇకమీదట ఎవరి సీట్లో వాళ్ళే తినాలి, కూరలు పంచుకోవడం బంద్. రోగాల భయమట! నిజానికి కలిసి కూర్చుంటే కబుర్లలో పడతామని ఆయన బాధ. ఆ కేకు తిన్నందుకు నాకు చీదరేసింది.

అంతకుముందు మేం వెనక గదిలో చాప పరుచుకుని తినేవాళ్ళం. సైదులన్న అని మాలో పెద్దాయన, తిరుమలాయపాలెం వైపు మనిషి. భార్య పోయాక డబ్బాలో ఉత్త అన్నమే తెచ్చుకునేవాడు. ఆయన డబ్బా మూత మధ్యలో పెడితే మేం తలా చెంచా కూర అందులో వేశాకే ముద్ద కలిపేవాళ్ళం. రెండో వేవ్‌లో దవాఖానాలో పోయాడు. ఆఖరిచూపుకు కూడా మాలో ఎవరం వెళ్ళలేకపోయాం.

ఆయన కుర్చీ స్వరూపకు ఇచ్చారు. ఆయనతో కలిసి పనిచేసిన పిల్లే. భద్రాచలం అడవి వైపు పల్లె ఆమెది. ఇంటి నుంచి చేసినన్నాళ్ళూ సిగ్నల్ కోసం గుట్టెక్కి ఫోన్లు మాట్లాడింది. ఇప్పుడు ఖమ్మంలో గది కిరాయికి తీసుకుంది. ఇంటిల్లిపాదీ ఆమె జీతం మీదే బతుకుతున్నారు.

మొదటి రోజు నుంచే ఆమె అన్నం పాడవసాగింది. పొద్దున వండింది మధ్యాహ్నానికి జిగురొచ్చి, వేలితో ఎత్తితే తీగలు సాగేది. అదీ ఏసీ గదిలో! పక్క సీట్లవాళ్ళు ముక్కు మూసుకుని లేచిపోయేవాళ్ళు. డబ్బా సరిగ్గా తోమదని గుసగుసలు. కంపు కన్నా ఆ గుసగుసలే నాకు అసహ్యంగా ఉండేవి.

ఆమె టేబుల్ సొరుగు ఫినాయిల్‌తో కడిగించాను. కొత్త డబ్బా కొనిచ్చాను. చివరికి మా ఇంట్లో వండిన పప్పన్నమే రెండు డబ్బాల్లో సర్ది, ఒకటి నా టేబుల్ మీద, ఒకటి ఆమె సీట్లో పెట్టాను. నాది బాగుంది. ఆమెది మూత తీయగానే నాకు వాంతి అయింది.

చెబితే ఓనరు నవ్వాడు. "ఇంట్లో కూర్చుని మరిగిపోయి ఆడే నాటకాలండీ ఇవన్నీ. ఈ వారంలో కుదురుకోకపోతే పంపించేయండి."

స్వరూపకు ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చింది.

"గీ నౌకరి పోతే ఇల్లెట్ల గడుస్తది మేడం?" అని ఏడ్చింది.

నాకు తిక్క రేగింది. రూలు సంగతి నేను చూసుకుంటానని అందరినీ డబ్బాలతో వెనక గదికి రమ్మన్నాను. అక్కడి అల్మారాలో సైదులన్న డబ్బా మూత అలాగే ఉంది. స్వరూప దాన్ని కడిగి మధ్యలో పెట్టింది.

"అన్నకెయ్యకుండ ఎట్ల తింటం మేడం," అంది.

అలవాటుగా అందరి చెంచాలూ అటే వెళ్ళాయి.

తర్వాత ఆమె తన డబ్బా తీసింది. పొద్దుటి నుంచి ఆ సీట్లోనే ఉన్న డబ్బా. బీరకాయ కూర ఘుమఘుమలాడింది. ఆమె గబగబా తింటుంటే నాకు కళ్ళు చెమర్చాయి. మేం చేతులు కడుక్కుని వచ్చేసరికి మాత్రం, మూతలోని కూరలన్నీ జిగురుకట్టి కంపు కొడుతున్నాయి. అవే కూరలు తిన్న మాకెవరికీ ఏమీ కాలేదు.

స్వరూప కుదురుకుంది. ఫోన్ల పని సాఫీగా సాగుతోంది కాబట్టి ఓనరు చూసీ చూడనట్టు ఉంటున్నాడు. ఆమె డబ్బా మళ్ళీ పాడవలేదు. మూతలో వేసింది మాత్రం రోజూ అంతే. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ మూత కడిగేది నేనే. తిట్టుకుంటూ కడుగుతాను. ఈమధ్య దగ్గరికి వెళ్ళేముందే కంపు వస్తోందా అని వాసన చూస్తున్నాను. వస్తే, అమ్మయ్య, అన్న తిన్నాడు అనుకుంటాను. అలా అనుకున్నందుకు నా మీద నాకే రోత పుడుతుంది.