ఆగడం చేతకాని త్యాగరాజుగారు

త్యాగరాజుగారికి ఊరికే ఆగడమంటే ఒళ్లుమంట. లిఫ్టు వచ్చేలోగా ఏడంతస్తులూ మెట్లెక్కేసి, పైన రొప్పుతూ మాకు ఎదురయ్యేవారు. ఎదుటివాళ్ల మాటలు కూడా ఆయనే పూర్తిచేసేవారు. ఓసారి నేను "నిన్న మా ఆవిడ..." అనగానే, "పుట్టింటికెల్లిపోనాదేటి? వొచ్చీస్తాదిలే" అని భుజం తట్టారు. కాకరకాయ వేపుడు చేసిందని చెప్పబోయాను.

టికియాపారాలో ఒంటరిగా ఉండేవారు. సాల్ట్ లేక్‌లోని మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో తెలుగువాళ్లం ముగ్గురమే: ఆయన, పుష్పరాణి, నేను. మేం రాసిన ప్రోగ్రాములను రోజూ నాలుగింటికి కంప్యూటరే పరీక్షించేది. రెండు గంటలు. అది ముగిసేదాకా ఎవరూ కదలకూడదు. బెంగాలీవాళ్ల కారం మరమరాలు, ఝాల్‌ముడి, తింటూ ఆయన కబుర్లు వినేవాళ్లం. ఆయన చిరాకుపడకుండా ఆగేది అప్పుడు మాత్రమే.

అలాంటిది, ఒకరోజు ఆ పరీక్షల మీదే పడ్డారు.

"ఏటిది? తెర మీద బటన్ రెండు సెకన్లలో వొచ్చీస్తంటే ముప్పై సెకన్లు ఆగమని రాసీసినారు! దేనికి?"

"ఆలస్యమవుతుందేమోనని ఎవరో భయపడి రాసుంటారండీ. పాతవి, కదపడం ఎందుకు?" అన్నాను.

"కనబడగానే నొక్కమందాం. అంతే!"

సెలవు రోజుల్లో కూడా ఒక్కరే వచ్చి, రెండొందల పైచిలుకు చోట్ల ఆ ఆగడాలన్నీ ఒక్కొక్కటే సరిచూసి తీసేశారు. రెండు గంటల పరీక్ష ఇరవై నిమిషాలకి దిగింది. నాలుగున్నరకల్లా ఆఫీసు ఖాళీ!

ఆ సాయంత్రం గొడుగు మరిచిపోయి వెనక్కి వస్తే, ఖాళీ కుర్చీల మధ్య ఆయనొక్కరే ఝాల్‌ముడి పొట్లం ముందు పెట్టుకుని కూర్చున్నారు.

"మీ కబుర్లకి మీరే గండి కొట్టుకున్నారు కదండీ!" అన్నాను నవ్వుతూ.

"ఆస్పత్రిలో సూడనిచ్చేది అయిదు నించి ఆరే బాబూ."

"ఎవర్ని?"

"పుష్పరాణి వాళ్లమ్మని. మూడు వారాలై మంచమ్మీదుంది. సెలవు రోజుల్లో తప్ప ఆ పిల్ల ఎల్లలేకపోయీది. దానికి సెప్పకు, మొహమాటపడతాది."

నేను చెప్పకుండా ఉంటానా? మర్నాడు పుష్పరాణి ఆయన సంచీ లాక్కుని, "రండి మాస్టారూ!" అని ముందు నడిచింది. నేనూ వెంట ఆస్పత్రికి వెళ్లాను.

వాళ్లమ్మ అప్పలకొండమ్మ ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటోంది. "మీది... ఏ..." త్యాగరాజుగారి పెదాలు కదిలాయి. ఇక పూర్తిచేసేస్తారని భయపడ్డాను. చేతులు కట్టుకుని కూర్చుండిపోయారు.

"...ఊరు బాబూ?"

అప్పుడు ఆయన కబుర్లు మొదలుపెట్టారు. ఆరింటికి నర్సు వచ్చి లేపేదాకా ఇద్దరికీ మేం కనబడలేదు.

వెళ్లబోతుంటే అప్పలకొండమ్మ కూతుర్ని దగ్గరికి పిలిచి చెవిలో చెబుతున్నట్టుగా, అందరికీ వినబడేలా అంది: "నీకు... కబుర్లు రావే. రేపు... ఈ బాబునంపు."