నర్సింగరావు అంకుల్ స్కూటరు టైమింగ్

మొన్న మాదాపూర్ సిగ్నల్ దగ్గర నా క్యాబ్ పక్కన ఒక పాత టూ-స్ట్రోక్ స్కూటరు ఆగింది. కాలిన ఆయిల్ వాసన అద్దం సందులోంచి లోపలికి రాగానే నాకు ముందు చిరాకే వచ్చింది; నర్సింగరావు అంకుల్ ఆ తర్వాతే గుర్తొచ్చారు.

ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో బోరబండలో ఆయన ఇంటి మేడమీద గదిలో అద్దెకుండేదాన్ని. ఆయన మెకానిక్ కాదు, రిటైరైన డ్రాయింగు మాస్టారు. అయినా స్కూటరును ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. ఆదివారం తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటూ ఉంటే కింది నుంచి కేక: “బిడ్డా, జర వచ్చి ఈ బల్బు పట్టుకో!” పాత కార్లకున్నట్టు, నిప్పురవ్వ వేళను బయటి నుంచే సరిచేసే డిస్ట్రిబ్యూటర్ ఆ బండికి లేదు. ఇంజను పక్కన తిరిగే చక్రం వెనక ఒక ప్లేటు, దాని మీద పాయింట్లనే రెండు చిన్న లోహపు బిళ్లలు. అవి విడిపోయిన క్షణాన ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. ఆ క్షణాన్ని, అంటే టైమింగ్‌ను, సరిచేయాలంటే చక్రం ఊడదీసి ప్లేటును వెంట్రుకవాసి తిప్పాలి, మళ్లీ బిగించాలి. చక్రం మీది గీత ఇంజను మీది గీతకు ఎదురుగా వచ్చినప్పుడే, పాయింట్లకు తీగతో కలిపిన ఆ బల్బు మసకబారాలి; పాయింట్లు విడిపోయాయనడానికి అదే గుర్తు. అది ఒక పట్టాన కుదిరేది కాదు.

“దాదాపు వచ్చింది కదా అంకుల్, వదిలెయ్యండి” అంటే, “దాదాపంటే రానట్టే” అనేవారు.

మెట్ల మీద కూర్చున్న ఆయన భార్య సుగుణ ఆంటీ విసుక్కునేది: “ఆ పిల్లనెందుకు పరేషాన్ చేస్తవు? పాత సామానోనికి ఇచ్చెయ్యరాదూ!”

నాకు ఇంటర్వ్యూ ఉన్న పొద్దున వాన పట్టుకుంది. బుక్ చేసిన బండ్లన్నీ వరసగా రద్దయ్యాయి. అంకుల్ స్కూటరు బయటికి తీశారు. ఎంత తన్నినా స్టార్ట్ కాలేదు. చక్రానికున్న కంతలోంచే పాయింట్లు రుద్ది, వాటి మధ్య సందు కాస్త పెంచారు. స్టార్టయింది. “ఎక్కు బిడ్డా!” కొంత దూరం పోయాక ఇంజను టకటక కొట్టుకోసాగింది. ఎత్తు ఎక్కుతుండగా వెనక చక్రం పట్టేసి, బండి జారి, ఇద్దరం రోడ్డు వారన పడ్డాం. దెబ్బలు తగల్లేదు, బట్టలే బురదయ్యాయి. అక్కడి నుంచి నడిచి ఆఫీసు చేరేసరికి నా వంతు దాటిపోయింది. నేను ఏడుపు ఆపుకుంటుంటే ఆయన గేటు దగ్గరే నిలబడి, అద్దాల తలుపు వెనక ఇంటర్వ్యూలు చేస్తున్న మేడమ్‌ను బయటికి పిలిపించారు.

“తప్పు నాదమ్మా, ఈ పిల్లది కాదు. బండి నేనే ఖరాబు చేసిన. ఇంకో మోక ఇయ్యుండ్రి.”

ఆమె మర్యాదగానే వింది. ఉద్యోగం మాత్రం రాలేదు. ఆయన అలా బతిమాలినందుకు సిగ్గేసి, చాలా రోజులు ఆయన కంటపడకుండా తిరిగాను.

తర్వాత ఒక ఆదివారం మళ్లీ అదే కేక. ఒళ్లు మండి, గబగబా దిగాను.

“అమ్మెయ్యండి అంకుల్! దీని మూలంగా నా ఉద్యోగం పోయింది!”

“అమ్ముత బిడ్డా. గనీ ఏడ తప్పిందో చూడకుండ అమ్మితే, కొన్నోడు గూడ పడ్తడు.” ఆయన బల్బు నా చేతికివ్వలేదు, తానే పట్టుకున్నారు. ఇంజను చల్లారాక వదులైన చక్రాన్ని చేత్తో తిప్పితే, గీతలు కలవక ముందే అది మసకబారింది. “సందు పెంచితే పాయింట్లు ముందే ఇడుస్తయి, టైమింగ్ ముందుకు జరుగుతది. అందుకే ఇంజను కాలి పట్టేసింది. పెంచినంక మళ్ల చూడాలె. ఎరికుండి గూడ చూడలె. నీకు లేటైతదని భయపడ్డ.”

పక్కన కూర్చుని చక్రం పట్టుకున్నాను. ఇంజను బాగుచేయించాక, టైమింగ్ సరిగ్గా కుదిరిన రోజునే ఆయన ఆ బండిని అమ్మేశారు. కొన్నవాడికి అన్నీ రెండుసార్లు చెప్పి పంపారు. నాకూ తర్వాత వేరేచోట ఉద్యోగం దొరికింది.

ఇప్పుడు గచ్చిబౌలిలో నా కింద ఒక టీమ్ పనిచేస్తోంది. గడువు దగ్గర పడ్డప్పుడు ఎవరో ఒకరు “చిన్న మార్పే మేడమ్, మళ్లీ టెస్ట్ అక్కర్లేదు” అంటారు. మొదటి నుంచీ చూడమంటాను. మొహాలు మాడ్చుకుంటారు, నా వెనక చాదస్తం అంటారనీ తెలుసు. ఆ విసుగు ఎలా ఉంటుందో నాకు తెలియనిది కాదు. అందుకే వాళ్లను ఒంటరిగా వదిలి ఇంటికి వెళ్లను. కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంటాను.