గుడ్డలో కనిపించిన ఎడమకాలు

సోమందేపల్లెలో టీ కోసం బస్సు ఆగింది. మా జట్టంతా గోలగోలగా దిగిపోయింది. నేను మాత్రం సీట్లోనే ఉండిపోయాను. మడిచిన ఎడమకాలు మడిచినట్టే ఉంది, చాపుదామంటే రావడం లేదు. నొప్పి కూడా పెద్దగా లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

డెబ్బైల నాటి సంగతి ఇది. నేను ఒక నూలు మిల్లు హాకీ జట్టులో రైట్ వింగర్‌ని. ఆ రోజుల్లో మిల్లులు బాగా ఆడేవాళ్ళని పిలిచి ఉద్యోగమిచ్చేవి. పేరుకి నేను స్టోర్సులో గుమాస్తాని, జీతమంతా నా కాళ్ళకే. కుడివైపు గీత వెంబడి బంతితో పరిగెత్తి, చివర్లో దాన్ని గోలు ముందుకి కొట్టడం నా పని. నా వేగం గురించి నేనే చెప్పుకోకూడదు. కానీ చెప్పేవాళ్ళెవరూ ఇప్పుడు పక్కన లేరు కాబట్టి చెబుతున్నాను, జిల్లాలో నన్ను పట్టుకున్నవాడు లేడు.

ఆ సాయంత్రం మడకశిరలో మ్యాచ్ గెలిచి వస్తున్నాం. ఆటలో ఒకసారి బంతిని లోపలికి కొట్టడానికి ఎడమకాలు గట్టిగా ఆనించాను. కింద ఎర్ర గరుసునేల. పాదం అక్కడే ఆగిపోయింది, ఒళ్ళు మాత్రం పక్కకి తిరిగింది, మోకాలు మధ్యలో నలిగింది. టక్కుమని చిన్న శబ్దం. దాన్ని లెక్కచేయకుండా మిగతా ఇరవై నిమిషాలూ ఆడాను. మొగోణ్ణి కదా మరి!

మా కెప్టెన్ రహీం అన్న టీగ్లాసుతో బస్సెక్కి నా కాలు చూశాడు. "ఏమప్పా, ఏమైంది?"

"కాలు చాపేకి రావడంల్యా అన్నా."

ఆయన నా మడమ పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదిపాడు. లోపల ఏదో పక్కకి జారినట్టయి కాలు హఠాత్తుగా వచ్చేసింది. ఇద్దరం నవ్వుకున్నాం. "చూసినావా, నా చేతిలో మందు ఉండాది" అన్నాడు రహీం అన్న. నిజంగానే నయమైపోయిందనుకున్నాను. ఎంత వెర్రివాణ్ణో!

ధర్మవరంలో మా ఇంటికి వెళ్ళాక మోకాలు గుమ్మడికాయలా వాచింది. తెలిసిన పెద్దాయన గుడ్డుసొన, మినప్పిండి రాసి వెదురుబద్దలతో కట్టు కట్టాడు. విరిగిన ఎముకకు అది పనికొస్తుందేమో. నాది ఎముక కాదని ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. మూడు వారాల తర్వాత కట్టు విప్పితే వాపు పోయింది. ప్రాక్టీసుకి పోయాను. రెండో రోజే గ్రౌండు మధ్యలో కాలు మళ్ళీ లాక్ అయింది. ఈసారి రహీం అన్న చేతిలో మందు పనిచేయలేదు. నన్ను వీపున వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు.

అక్కడి ఎముకల డాక్టరు గుంటూరు వైపాయన. మాట తక్కువ. ఎక్స్‌రే చూసి నార్మల్ అన్నాడు. నేను సంతోషంగా లేవబోయాను.

"కూర్చో. ఎక్స్‌రేలో కనపడేది ఎముకలే" అని నా కాలిని మడిచి, తిప్పి, చాపి చూశాడు. "మీడియల్ మెనిస్కస్ చిరిగింది. అది కార్టిలేజ్. రెండు ఎముకల మధ్య వాషర్ లాంటిది. ఆ ముక్క ఇరుక్కున్నప్పుడల్లా నీ కాలు లాక్ అవుతోంది. ఆపరేషన్ చేసి ముక్క తీసేయాలి."

"మళ్ళీ ఆడతానా సార్?"

"ఆపరేషన్ నా పని. ఆడటం నీ తొడ పని."

దెబ్బ మోకాలికైతే తొడ ఏం చేసిందని నాకర్థం కాలేదు. అంతలో రహీం అన్న మిల్లు మేనేజరు చెప్పిన మాట మోసుకొచ్చాడు. "సీజను మొదటి మ్యాచికి నువ్వు గ్రౌండులో ఉంటే ఉద్యోగం పర్మనెంటంట. లేకుంటే వేరే వింగర్ని చూసుకుంటారంట. దాచి లాభమేముందిలే, చెప్తాండా." సీజనుకి అయిదు నెలలుంది. ఉద్యోగం మాటటుంచండి, గీత వెంబడి పరిగెత్తకుండా నేను బతికేదెట్లా? ఆ రోజు ఆసుపత్రి వరండాలో కూర్చుని ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. కుట్లు విప్పి, తర్వాత ప్లాస్టర్ కూడా తీసేశాక కాలు చూసుకున్నాను. కుడి తొడ తొడలాగే ఉంది, ఎడమది మునక్కాయలా ఉంది. డాక్టరు మోకాలిచిప్ప పైన జానెడు ఎత్తులో టేపు చుట్టి రెండు తొడలూ కొలిచాడు. రెండంగుళాలు తేడా.

"దీన్ని క్వాడ్రిసెప్స్ వేస్టింగ్ అంటారు, తొడకండ కరిగిపోవడం. మోకాలిని పట్టుకుని ఉండేది ఈ కండే. చీలమండకి ఇసుక సంచి కట్టుకుని కాలు లేపు. రోజుకు మూడుసార్లు."

మూడు రోజులు లేపాను. నాలుగో రోజు విసుగొచ్చింది. మంచం మీద పడుకుని కాలు లేపడం, దించడం, లేపడం, దించడం. ఇది మనిషి చేసే పనేనా? అమ్మ అడిగితే అయిందనేవాణ్ణి. డాక్టరడిగితే చేస్తున్నా సార్ అన్నాను. ఆయన టేపు చుట్టాడు. అదే రెండంగుళాలు.

"టేపు వేరే మాట చెబుతోంది" అని మా నాయన వైపు తిరిగాడు. "మీరేం పని చేస్తారు?"

"మగ్గం సార్. పట్టుచీరలు."

"గుంట మగ్గమా? కాళ్ళతో తొక్కేదేనా?"

"అవును సార్, గుంటలో రెండు కర్రలుంటాయి. ఒకటి కుడికాలికి, ఒకటి ఎడమకాలికి."

డాక్టరు ముఖం వెలిగిపోయింది. ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను. "ఇంట్లో ఇంత మంచి ఫిజియోథెరపీ పెట్టుకుని ఇసుక సంచి దేనికండీ? మొదట అరగంట, తర్వాత మెల్లగా పెంచండి. ప్రతి తొక్కుకీ కాలు నిండా చాపాలి."

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. పదిహేడేళ్ళప్పుడు, జన్మలో ఆ గుంటలో కూర్చోనని అరిచి, హాకీ కర్ర పట్టుకుని ఇల్లు దాటినవాణ్ణి నేను. "కట్టె పట్టుకోని ఎండలో ఉరికేవానికి జీతమిచ్చే పిచ్చోళ్ళు యాడుండారబ్బా?" అని నాయన ఊరంతా అడిగాడు. ఉన్నారని తెలిశాక ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మళ్ళీ అదే గుంట! దానికంటే ఇంకో ఆపరేషన్ నయమనిపించింది.

నాయనకీ నా మీద నమ్మకం లేదు. ఆయన దగ్గర పట్టు ముట్టాలంటే ఎవరైనా సరే ముందు చేతులు కడుక్కోవాలి. చుట్టాలనీ లేదు, కొనడానికొచ్చిన షావుకారనీ లేదు. మామూలు నూలు బట్టనైతే మట్టిచేతులతో పట్టుకున్నా ఏమీ అనడు.

"పట్టు మీద వీణ్ణి కూచోబెడితే నా పరువు బజారుపాలే" అని మూలనున్న పాత మగ్గానికి నూలు పడుగు ఎక్కించాడు. "తువ్వాళ్ళు నెయ్యి. అవే చెడిపోతే ఇల్లు తుడుచుకోవచ్చు."

కూర్చున్నాను. కుడికాలు తొక్కితే పడుగు దారాలు సగం పైకి, సగం కిందికి పోయి నోరు తెరుచుకుంది. అడ్డదారం చుట్టిన నాడె విసిరితే ఆ నోట్లోంచి జర్రున అటువైపు పోయింది. ఎడమకాలు తొక్కితే నోరు సగమే తెరుచుకుంది. నాడె దారాలకు తగులుకుంది, కొన్నిటి కింద పోవలసింది పైన పోయింది. ఒక పేక, అంటే అడ్డదారం, బాగుంటే తర్వాతి పేక తేలిపోయింది. సాయంత్రానికి జానెడు గుడ్డ వచ్చింది. దాని నిండా ఒకటి విడిచి ఒకటి తప్పులే.

అమ్మ సంగటి, చెనక్కాయల చట్నీ తెచ్చి గుడ్డ వైపు చూసి పగలబడి నవ్వింది. "ఇదేం నేతరా, కోళ్ళు గీరినట్లుండాది!"

నాయన నవ్వలేదు. గుడ్డ మీద వేలు పెట్టి మెల్లగా నడిపాడు. "ఈడ సూడు. ఇది కుడికాలు. ఇది ఎడమకాలు. కుడి, ఎడమ, కుడి, ఎడమ. నీ కాలంతా ఈడ కనపడతాండాది."

అప్పటినుంచి నాకు దొంగాట కుదరలేదు. రోజూ సాయంత్రం నాయన వచ్చి ఆనాటి గుడ్డని వేలితో చదివేవాడు. "ఈడ అలిసిపోయినావు." "ఈడ ఎవరో వస్తే మాట్లాడుకుంటా తొక్కినావు." "ఈడ బాగుండాది, ఏం తిన్నావు?" నాకు ఒళ్ళు మండిపోయేది. కోచ్ కూడా నా ఆటని అంత దగ్గరగా చూడలేదు. తిట్టుకుంటూనే తొక్కాను. ఆదివారాలు నాయన ఒక పట్టుదారం తెచ్చి నా రెండు తొడలకీ చుట్టి తొడకొక ముడి వేసేవాడు. ముడికీ ముడికీ మధ్య ఎడం వారం వారం తగ్గింది. గుడ్డలో తప్పులూ తగ్గాయి. మేమిద్దరం ఒకరి పక్కన ఒకరం, ఆయన పట్టు మీద, నేను నూలు మీద, టకటకా టకటకా. చాలా ఏళ్ళకి మళ్ళీ మనసు విప్పి మాట్లాడుకున్నాం. బంతి గీత దాటితే ఏమవుతుందని ఒక రోజు ఆయనే అడిగాడు. ఆ రోజు నాకెంత ఆనందమైందో చెప్పలేను.

రెండున్నర నెలలకి గుడ్డ శుభ్రంగా రావడం మొదలైంది. నాకు కొమ్ములొచ్చాయి. డాక్టరు ఇంకా పరిగెత్తవద్దన్నాడు. ఆయనకేం తెలుసు, కాలు నాది కదా! ఒక పొద్దున ఎవరూ లేవకముందే ఊరి బయట వేరుశనగ పీకిన చేలోకి పోయి గట్టుకీ గట్టుకీ మధ్య పదిసార్లు ఉరికాను. నొప్పి లేదు. ఈల వేసుకుంటూ ఇంటికొచ్చి, ఏమీ ఎరగనట్టు మగ్గం మీద కూర్చున్నాను.

ఆ సాయంత్రం నాయన వేలు గుడ్డ మీద నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది.

"పొద్దున యాడికి పోయినావు?"

"యాడికీ పోలేదు నాయనా."

"ఎడమకాలు మళ్ళా తేలిపోతాండాది. ఉరికినావు కదా?"

నేను తల వంచుకున్నాను. ఆయన తిట్టలేదు. వంగి నా మోకాలి మీద అరచెయ్యి పెట్టాడు. "కాలుతాండాది రా" అన్నాడు. ఆ గొంతులో భయం విని నాకు నిజంగా భయమేసింది. మర్నాడు డాక్టరు సిరంజితో మోకాల్లోంచి పసుపుపచ్చని నీరు తీశాడు. ఎఫ్యూజన్ అన్నాడు. "ఇంకో నాలుగు రోజులు దాచి ఇలాగే పరిగెత్తి ఉంటే సీజను మర్చిపోవలసి వచ్చేది. ఎవరు కనిపెట్టారు?"

నాయన వైపు చూపించాను. ఎట్లా కనిపెట్టాడో విని డాక్టరు కుర్చీలోంచి లేచి మరీ ఆయనకు నమస్కారం పెట్టాడు. నాయన సిగ్గుపడి నా వెనక్కి వచ్చాడు.

రెండు వారాలు విశ్రాంతికే పోయాయి. ఆ తర్వాత నేను ఒక్క రోజు కూడా దొంగాట ఆడలేదు. తొక్కమన్నంత తొక్కాను, ఆగమన్నప్పుడు ఆగాను. ఒక ఆదివారం నాయన దారం చుట్టి, రెండో ముడి వేయబోయి చెయ్యి ఆపేశాడు. మొదటి ముడి దగ్గరే దారం కలిసింది. "ఒకటే ముడి!" అని అమ్మని కేకేశాడు. పండగ చేసుకున్నాం, ఒబ్బట్లు కూడా వండింది అమ్మ. ఆ వారమే డాక్టరు కూడా కొలిచి, ఇంక ఉరకొచ్చన్నాడు.

మొదటి మ్యాచికి నాయన వచ్చాడు. నా ఆట చూడటం ఆయనకదే మొదలు. కుడి గీత పక్కన తలగుడ్డ కట్టుకుని నిలబడ్డాడు. ఆట మొదలైన కాసేపటికి రహీం అన్న బంతిని నా ముందుకి తోశాడు. ఉరికాను. చెవుల్లో గాలి. ఎదురొచ్చినవాణ్ణి దాటాను, చివర్లో ఎడమకాలు ఆనించాను. కాలు నిలబడింది. బంతి గోలు ముందుకి పోయింది, రహీం అన్న లోపలికి కొట్టాడు. అందరూ గోలు వైపు చూసి అరుస్తుంటే, ఒక్క మనిషి మాత్రం నా మోకాలి వైపే చూస్తూ చప్పట్లు కొడుతున్నాడు.

ఉద్యోగం పర్మనెంటయింది. నేసిన గుడ్డలో బాగున్నదాన్ని కోసి, జట్టులో పదకొండు మందికీ తువ్వాళ్ళు ఇచ్చాం. తప్పులున్న మొదటి మూరలు మిగిలిపోయాయి. పేషెంట్లకి చూపించుకుంటాను ఇమ్మని డాక్టరు అడిగాడు. ఆయన మాట తీసెయ్యని మా నాయన దీనికి మాత్రం ఒప్పుకోలేదు. "ఇంకేమన్నా అడగండి సార్, ఇస్తా" అన్నాడు.

ఆ మోకాలితోనే ఇంకో తొమ్మిది సీజన్లు రైట్ వింగ్ ఆడాను. ఇప్పుడు ఎనభైల చివరికొచ్చాం. ఆట మాని జట్టుకి నేర్పిస్తున్నాను. చలికాలం పొద్దున్నే మోకాలు కాస్త పట్టేస్తుంది, నాలుగడుగులేస్తే సర్దుకుంటుంది. ఆదివారాలు ధర్మవరం పోయి మగ్గం మీద గంటసేపు కూర్చుంటాను. ఎవరూ చెప్పకుండానే.

మోకాలి ఆపరేషనైనవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. నొప్పి పోయింది కదా అని పరిగెత్తకండి. ఇంట్లో ఒక దారం పెట్టుకుని, వారానికోసారి మోకాలిచిప్పకి జానెడు పైన రెండు తొడలూ ఇంకొకరి చేత కొలిపించుకోండి. తేడా పోయేదాకా వ్యాయామం మానకండి, తేడా పోయాక కూడా డాక్టరు ఒప్పుకుంటేనే ఉరకండి.

ఇది రాసేముందు ఆ గుడ్డ ఒకసారి చూద్దామని నాయన్ని అడిగాను. పట్టుచీరలు దాచే పెట్టె తెరిచి, అడుగునుంచి తీశాడు. తప్పులతో నిండిన నూలుగుడ్డ. చెయ్యి చాపాను. ఆయన దాన్ని వెనక్కి లాక్కున్నాడు.

"ముందు పోయి చేతులు కడుక్కోని రా" అన్నాడు.