డాక్టరమ్మ కారు, మా అమ్మ ఆముదం

నా చిన్నప్పుడు మా ఇంటి వెనక కొట్టంలో ఒక కారు నిద్రపోతూ ఉండేది. అది మాది కాదు, మదనపల్లెలోని డాక్టరమ్మది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేదాకా చక్రాలు నేలకు ఆనకుండా రాతి దిమ్మెల మీద కూర్చుని, చిరుగుల టార్పాలిన్ కప్పుకుని, మా ఇంట్లో ఒక ముసలమ్మలాగా ఉండిపోయింది. పిల్లలం ఆ వైపు పోయి అల్లరి చేస్తే మా అమ్మ వేలు చూపించి బెదిరించేది. అమ్మకు గొంతు పెంచడం తెలియదు. ఆమె మాట గడప దాటిందని ఎవరూ అనలేదు.

యుద్ధానికి ముందు ఆ కారు తోలేది మా నాన్న. సంత రోజున డాక్టరమ్మను పుంగనూరు తీసుకుపోయేవాడు. అప్పుడప్పుడూ కుప్పం దిక్కు పల్లెలకు పోయి, ఆమె కాన్పులు చేసి వచ్చేదాకా చింతచెట్టు కింద కారు తుడుచుకుంటూ ఉండేవాడు. తర్వాత పెట్రోలు కూపన్ల మీదికి వచ్చింది. ఆ కూపన్లు కూడా గగనమైపోయి డాక్టరమ్మ జట్కా ఎక్కింది. నాన్న మిలిటరీలో లారీ డ్రైవరుగా చేరాడు. పోయే ముందు అమ్మను కొట్టంలోకి పిలిచి, ప్లగ్గులు ఊడదీయడం, ఒక్కో రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిలు పోయడం, ముందున్న హ్యాండిల్ తిప్పడం నేర్పించాడు. లోపల తుప్పు పట్టకుండా ఉండాలంటే నెలనెలా ఆ పని తప్పకూడదన్నాడు. "నేనొచ్చేదాకా ఇది నీ చేతిలో పెడతాండా మే" అని అప్పగించి పోయాడు.

అమ్మ ఆ పనిని నోములాగా పట్టుకుంది. చర్చి నుంచి వచ్చి, మంచి చీర మార్చుకుని, కొంగు బిగించి కొట్టంలోకి పోయేది. హ్యాండిల్ తిప్పేటప్పుడు ఆమె సన్నటి చేతుల మీద నరాలు ఉబ్బేవి. కొన్నాళ్లకు నాన్న ఇచ్చిపోయిన డబ్బాలో ఆయిలు అయిపోయింది. బజారంతా తిరిగినా యుద్ధకాలంలో ఇంజన్ ఆయిలు ఎవరిస్తారు? అప్పుడు అమ్మ అటక మీది ఆముదం జాడీ దించింది. మా వైపు ఆముదం పనికిరాని చోటు లేదు. పసిబిడ్డ మాడుకు అదే, అవ్వ మోకాలికి అదే, కిర్రుమనే తలుపుకూ, బండి ఇరుసుకూ, తుప్పు పట్టబోయే కొడవలికీ అదే. ఇంజన్ కూడా ఇనుమే కదా అనుకుంది. గోరువెచ్చ చేసి, గుడ్డలో వడగట్టి, చంటిబిడ్డకు పట్టినంత జాగ్రత్తగా చెంచాతో పోసింది. నాన్న తిరిగి వచ్చేదాకా అదే పోసింది.

నాన్న వచ్చాడు కానీ, పోయిన మనిషిలాగా రాలేదు. బాంబుల మోత ఆయన ఒక చెవిని పూర్తిగా, రెండో చెవిని సగానికి పైగా తినేసింది. ఆయనకు ఏదైనా చెప్పాలంటే అరవాలి. ఆయనా పొలం అవతలి గట్టు మీది వాడిని పిలిచినట్టే మాట్లాడేవాడు. కూరలో ఉప్పు చాలలేదంటే వీధంతా వినేది. మొగుడి మీద అరవడం చేతకాక అమ్మ చేతులతో, కళ్లతో నెట్టుకొచ్చేది. అన్నాళ్లూ దాచుకున్న కబుర్లన్నీ ఆమె లోపలే ఉండిపోయాయి. వాళ్లిద్దరినీ చూస్తే నాకు ఏడుపొచ్చేది.

కారును దిమ్మెల మీద నుంచి దించిన రోజు మా వాకిలి తిరునాళ్లలాగుంది. కొత్త బ్యాటరీ పెట్టారు, పెట్రోలు పోశారు. నాన్న హ్యాండిల్ తిప్పితే అది గుర్రుమని లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. కాసేపటికి లోపలి నుంచి మొదలైంది చప్పుడు. టక్కు టక్కుమని, ఖాళీ రోట్లో ఎవరో రోకలి వేస్తున్నట్టు. మధ్యలో ఒక దగ్గు. మా చప్పట్లు ఆగిపోయాయి. నాన్న మాత్రం నవ్వుతూనే ఉన్నాడు. ఆయనకు ఆ చప్పుడు వినబడలేదు. మా మొహాలు చూసి తెలుసుకున్నాడు. ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ ఆయన నవ్వు తగ్గిపోవడం నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

బస్సుల షెడ్డు నుంచి మేస్త్రీని పిలిపించారు. ఆయన చెవి రిక్కించి విని తల అడ్డంగా ఊపాడు. "లోపల బేరింగు పొయినట్టుండాదమ్మా. బెంగుళూరుకు తోలల్ల. ఆడ గూడా బాగయితాదో లేదో" అన్నాడు. ఆయన మాటలో తప్పు పట్టడానికి లేదు, అలాంటి చప్పుడుకు ఎవరైనా అదే అనుకుంటారు. విడిభాగాల కోసం కారును అడుగుతున్నవాళ్లు ఉన్నారంది డాక్టరమ్మ. ఆదివారం దాకా చూసి, బాగుపడకపోతే ఇచ్చేస్తానని చెప్పి వెళ్లిపోయింది. కారు పోతే నాన్న బతుకు ఏమిటి? డాక్టరమ్మకు ఆయన చెయ్యి తెలుసు కాబట్టి మళ్లీ కారు అప్పగిస్తానంది. బయటివాళ్లకు కనబడేది ఆయన చెవే. చెవిటి డ్రైవరుకు బండి ఎవరిస్తారు?

ఆ రోజు అమ్మ ముద్ద ముట్టలేదు. ఎందుకో నాకు తెలుసు. కారు వదిలిన పొగలో ఆముదం వండిన నాటి వాసన వచ్చింది. తన చేతులతో పోసిందే ఇంజన్ను చెడగొట్టిందని అమ్మకు గట్టిగా అనిపించింది. చెప్పేయాలనీ ఉంది. కానీ ఎలా చెప్పాలి? ఆమెకు రాయడం రాదు. పక్కింటికీ మాకూ ఒకటే గోడ. "నేనే చెడగొట్టినా" అని ఆయనకు వినబడేలా అరిస్తే మదనపల్లె అంతా వింటుంది. అమ్మ ఆయన వెనక నిలబడి నోరు తెరిచేది, మూసేది. పొయ్యి దగ్గరికి పోయి మళ్లీ వచ్చేది.

మరుసటి పొద్దున నాన్న పనిలో దిగాడు. ఇంజన్ తిరుగుతుండగా ఒక పొడవాటి కట్టె తీసుకుని, ఒక కొన ఇంజన్ మీద ఆనించి, రెండో కొనను పళ్లతో కరిచి పట్టుకున్నాడు. చెవిలో దూరని చప్పుడు పళ్ల గుండా తలలోకి వస్తుందట. మిలిటరీలో నేర్చుకున్న ఉపాయమో, సొంత బుర్రో తెలియదు. "ఏందప్పా, ఆకలైతే అన్నం తినల్ల గానీ ఇంజన్ను కొరుకుతాండావే!" అని పక్కింటి మామ ఎగతాళి చేశాడు. నాన్నకు అది వినబడలేదు, మంచిదే అయింది. కట్టెను అక్కడా ఇక్కడా జరిపి ఒకచోట ఆగిపోయాడు. ఆ తర్వాత అమ్మను పిలిచి పక్కన నిలబెట్టుకున్నాడు. తాను ఒక్కో ప్లగ్గు తీగె ఊడదీస్తాననీ, చప్పుడు తగ్గితే చెయ్యి దించమనీ, తగ్గకపోతే ఎత్తే ఉంచమనీ చెప్పాడు.

అమ్మ చెయ్యి ఎత్తి నిలబడింది. ఆయన తీగెలన్నీ ఒక్కొక్కటే ఊడదీసి మళ్లీ తగిలించాడు. ఆమె చెయ్యి దిగలేదు. చప్పుడు కొంచెం కూడా మారలేదు మరి. ఏదో చెడ్డ కబురు చెబుతున్నట్టు అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాన్న మాత్రం గట్టిగా నవ్వాడు. బేరింగు పోయి ఉంటే ఏదో ఒక తీగె దగ్గర చప్పుడు తగ్గి తీరాలట. తగ్గలేదంటే అది బేరింగు కాదు. ఆ మాట విని షెడ్డు మేస్త్రీ మళ్లీ వచ్చాడు, డాక్టరమ్మా వచ్చింది. నాన్న ఇంజన్ ఆపి పైమూత విప్పాడు. ఇంజన్ ఊపిరి పీల్చి వదలడానికి ఉండే చిన్న తలుపులను వాల్వులంటారు. అందులో ఒకటి పైకి లేచి, కిందికి దిగకుండా బిగుసుకుంది. కిరసనాయిలు పోసి చూశాడు, కదల్లేదు. దాని చుట్టూ గట్టిపడిన గోధుమరంగు జిగురును గోటితో గీకి వాసన చూశాడు.

అప్పుడాయన తలెత్తి అమ్మ వైపు చూశాడు. అమ్మ తల దించుకుంది. ఆయనకున్న గొంతుతో ఆ ఒక్క మాట అంటే చాలు, ఇక అమ్మ వీధిలో తలెత్తుకోలేదు.

"ఏందప్పా అది?" అని మేస్త్రీ ముందుకు వంగాడు. నాన్న వేలును చొక్కాకు తుడిచేసుకున్నాడు. "ఇన్నేండ్లు కదలకుండా పండుకోనుంటే బిగుసుకోదా? మనిషైనా అంతే గదా!" అని వీధంతా వినేలా అన్నాడు. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, "అమ్మా, రోంత స్పిరిట్ ఇప్పించండి" అన్నాడు. ఆమె ఆయన్నీ, అమ్మనూ ఒకసారి చూసి సీసా తెప్పించింది. కిరసనాయిలుకు లొంగని ఆముదం స్పిరిట్‌కు కరుగుతుందని నాకు పెద్దయ్యాక తెలిసింది. మందులు కలిపే ఆమెకు ఆ రోజే అర్థమై ఉంటుంది.

వాల్వు స్పిరిట్‌లో నానుతుండగా నాన్న చేతులు తుడుచుకుంటూ కొట్టం మూలకు వచ్చాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది, నేను ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని ఉన్నాను. ఆయన రెండు వేళ్లు తన గొంతు మీద పెట్టుకున్నాడు. ఎందుకో నాకు మొదట అర్థం కాలేదు. తన గొంతు ఎంత పైకి పోతుందో ఆయనకు వినబడదు, అందుకని వేళ్లతో అదురు చూసుకుంటున్నాడు. అమ్మ చెవి దగ్గరకు వంగి, ఆ వేళ్లు తీయకుండా, నేను ఎన్నడూ వినని మెత్తటి గొంతుతో మాట్లాడాడు.

"ఆముదం పోసినావు గదా. అది జిగురైంది, కడిగితే పోతాది. పొయ్యకుండా ఉండింటే తుప్పు పట్టేది, అది యాడ పోతాది? లోపల అద్దం మాదిరి ఉండాది మే. నువ్వు పోసినందుకే బండి బతికింది."

అమ్మ ఆయన నూనె మరకల చేతిని రెండు చేతులతో పట్టుకుంది. నేను అక్కడే ఉన్నానని ఇద్దరూ మరిచిపోయారు.

మధ్యాహ్నానికి వాల్వు కదిలింది. ఇంజన్ లేచాక నాన్న అమ్మ వైపు చూశాడు. ఆమె పైకెత్తిన చెయ్యిని నిదానంగా దించింది. చప్పుడు లేదు. తర్వాతి వారం ఆ కారు పుంగనూరు మీదుగా కుప్పం దిక్కు పోయింది, దారి పొడవునా ఆముదం వాసన వదులుకుంటూ. ముందు సీట్లో నాన్న పక్కన అమ్మను కూర్చోబెట్టమని డాక్టరమ్మే చెప్పింది. వెనక నుంచి బస్సు హారన్ కొడితే అమ్మ ఆయన భుజం తట్టేది. చాలా ఏళ్లు వాళ్లిద్దరూ అలాగే తిరిగారు.

నేను టీచరునయ్యాను, పిల్లల తల్లినయ్యాను, ఇప్పుడు మనవరాళ్ల మధ్య ఉన్నాను. నాకు కోపం ఎక్కువ, మాటా పెద్దదే, నాన్న పోలిక. కానీ ఎవరి తప్పైనా వాళ్లకు చెప్పాల్సి వచ్చినప్పుడు నలుగురిలోంచి పక్కకు పిలుస్తాను. దగ్గరకు వంగుతాను. నాకు చెవులు ఇంకా బాగానే వినిపిస్తున్నాయి, అయినా రెండు వేళ్లు వాటంతటవే నా గొంతు మీదికి పోతాయి.