నాలుక మీద వరాహం

మా ఇంట్లో ఒక బంగారు నాణెం ఉంది. ముత్తాతగారికి పెదవేగి పొలంలో దొరికిందట. మధ్యలో వరాహస్వామి, పైన గొడుగు, అటూ ఇటూ వింజామరలు, అంచు చుట్టూ ఎవరో రాజుగారి పేరు. వెనకవైపు ఖాళీ. ఆ రాజుగారు దాంతో ఏం కొనుక్కున్నారో తెలీదు. మేం మాత్రం పోయేవాళ్ల నోట్లో పెడతాం. తులసి తీర్థం పోసి, నాలుక మీద స్వామిని ఉంచి, ప్రాణం పోయాక తీసి, పసుపునీళ్లతో కడిగి కుంకుమ భరిణెలో దాచేస్తాం.

చుట్టాలూ అడిగేవారు. తాడేపల్లిగూడెమైనా, కొల్లేరు వైపు చేపల చెరువుల మధ్య ఊళ్లయినా డెలివరీ నాదే. నా స్కూటీ ఆగితే అరుగుల మీది ముసలాళ్లు లేచి లోపలికి వెళ్లిపోయేవారు. ఒకాయన తలుపు సందులోంచి, "ఎవరికండీ?" అన్నాడు.

"మీక్కాదండీ, పక్కింటికి."

కాఫీ ఇచ్చారు.

వెళ్లొచ్చిన ప్రతిసారీ నాణెం మీద ఏదో ఒకటి తగ్గేది. ముందు అక్షరాలు, తర్వాత వింజామరలు, ఆ తర్వాత గొడుగు. బంగారం అరుగుతుంది, అంతే, అనుకునేదాన్ని. కాసేపు నోట్లో ఉంటే అంత అరుగుతుందా అని మాత్రం ఎవర్నీ అడగలేదు.

ఈ ఏడు నానమ్మ మంచాన పడింది. "నా నాలుక మీద స్వామి ఉండాలే. ఒట్టి బంగారం పెట్టి పంపకండి," అంది. ఆవిడకున్న భయం అదొక్కటే. భరిణె తీస్తే స్వామి జిడ్డుపట్టి ఉన్నాడు. మెరిపిద్దామని ఏలూరు బజారుకి పట్టుకెళ్లాను. పాలిష్ పట్టే ఆయన మెషీన్ మీద పెట్టి, తళతళలాడించి ఇచ్చాడు. స్వామి లేడు.

"దీని మీద డిజైన్ ఏదైనా ఉందాండీ?" అన్నాడు.

అన్నేళ్లు మట్టిలో భద్రంగా ఉన్న దేవుణ్ణి పాలిష్ మెషీన్‌కి అప్పజెప్పిన ఘనత నాదే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం నానమ్మకి ఎగశ్వాస మొదలైంది. నాన్న నాణెం వైపు చూడకుండానే అందుకున్నారు. ఆవిడ నా వైపు చూసింది.

"స్వామి ఉన్నాడా?"

"ఉన్నాడు నానమ్మా."

అబద్ధాలు నాకు కొత్త కాదు.

నాన్న పెట్టారు. నోట్లో నాలుక కదులుతోంది, అటూ ఇటూ. వెతుకుతోందని నాకొక్కదానికే తెలుసు. ఉన్నట్టుండి ఆగింది. మొహం తేటపడింది.

"కోర గుచ్చుకుంటోందే," అంది ముద్దముద్దగా.

అరగంటకి పోయింది.

కడగడం నా పనే. బొటనవేలితో రెండువైపులా తడిమాను. స్టీలు పళ్లెంలా నున్నగా ఉంది. నాలుక మీద పెట్టుకుని చూస్తే కోర ఉందో లేదో తేలిపోయేది. భరిణెలో వేసి మూతపెట్టాను. శుభ్రత విషయంలో నేను కాస్త పట్టింపు మనిషిని.